సుగ్గికి పోయే షుగర్, బీపీ పేషెంట్ల రికార్డులు ఫోన్‌లో పెట్టడం ఎలా?

కోసిగి_డిగ్రీ:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది కోసిగి మండలం. సంక్రాంతి పోయిందంటే మా పేటలో సగం ఇళ్లకు తాళాలే. గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. పోయేవాళ్లలో నలభై దాటినోళ్లు చాలామందికి షుగరో బీపీయో ఉంటుంది, కొందరికి రెండూ. ఆదోని ఏరియా ఆసుపత్రి చీటీ ఒకటి, కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ కాగితం ఒకటి, ప్రైవేటు ల్యాబు రిపోర్టు ఇంకొకటి. ఏవీ ఒకచోట ఉండవు. అక్కడ జ్వరమొచ్చి ఎవరికైనా చూపించుకుంటే ముందు ఏం మందులు వాడుతున్నావని అడుగుతారు. పొద్దున తెల్ల బిళ్ల, రాత్రి పసుపు బిళ్ల అనేదే వీళ్ల జవాబు.

ఆభా నెంబర్లు (ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నెంబర్లు) చేయించి కాగితాలన్నీ ఫోన్‌లో పెడదామని ఉంది. అయితే చాలామంది దగ్గర ఉండేది బటన్ ఫోనే. కొందరి ఆధార్‌కు ఏ నెంబరు లింకై ఉందో వాళ్లకే తెలీదు. ఆశా అక్క ఎప్పుడో చేసిందంటారు, నెంబరు చూపించమంటే ఉండదు. నా ఒక్క ఫోన్‌లో అందరివీ పెట్టొచ్చా? పెడితే అక్కడి డాక్టరుకు కనిపిస్తాయా? ఏ కాగితం పెట్టాలి, ఏది వదిలేయాలి? తెలిసినోళ్లు వివరంగా చెప్పండి.

ఓపీ_కౌంటర్_కర్నూలు:

ముందు ఒక సంగతి అందరికీ చెప్పి పెట్టండి. ఆభా కార్డు వేరు, ఆయుష్మాన్ కార్డు వేరు, పాత ఆరోగ్యశ్రీ అయిన ఎన్టీఆర్ వైద్యసేవ వేరు. ఆభా అంటే 14 అంకెల గుర్తింపు నెంబరు మాత్రమే. కేంద్రం 2021 సెప్టెంబరు 27న దేశమంతా మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తారు. దీనితో ఆపరేషను ఉచితం కాదు, డబ్బులు రావు. ఇది చెప్పకుండా చేయించారంటే రేపు ఏ ఆసుపత్రి దగ్గరో ఈ కార్డు చెల్లదన్నప్పుడు మిమ్మల్నే తిడతారు.

రెండోది, ఆభా మీ కాగితాలను తనంతట తాను తెచ్చి పెట్టదు. రికార్డు ఏ ఆసుపత్రిలో తయారైతే ఆ ఆసుపత్రి కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ ఆసుపత్రి ఈ వ్యవస్థలో చేరి, ఓపీ రాసేటప్పుడు మీ ఆభాను జోడించి, డాక్టరు రాసిన మందులను కంప్యూటర్‌లో ఎక్కిస్తేనే మీ యాప్‌లో కనిపిస్తుంది. చేత్తో రాసిన చీటీ ఎవరూ ఎక్కించకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. మన దగ్గర చాలా చీటీలు అలాంటివే కాబట్టి, ఫొటో తీసి మీరే యాప్‌లో ఎక్కించుకోవాల్సిన పని ఎక్కువ ఉంటుంది. దానికి సిద్ధపడి మొదలుపెట్టండి.

ఇప్పుడు పని వరస. ఆధార్‌కు ఏ ఫోన్ నెంబరు ఉందో తేల్చుకోవాలి, మిగతాదంతా దాని తర్వాతే. ఆధార్ వెబ్‌సైటులో ఆధార్ చెల్లుబాటు చూసుకునే పేజీ ఉంది. ఆధార్ నెంబరు కొడితే లింకై ఉన్న ఫోన్ నెంబరు చివరి మూడు అంకెలు చూపిస్తుంది. ఆ మూడూ చూస్తే ఇది అల్లుడి నెంబరా, పోయిన సిమ్మా అని ఇంట్లోవాళ్లే చెప్పేస్తారు. ఏ నెంబరూ లేకపోతే, లేదా పాత నెంబరు ఉంటే, ఆధార్ కేంద్రానికి పోవాలి. లేదంటే ఊరి పోస్టుమ్యాన్‌ను అడగండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున ఇంటి దగ్గరే ఆధార్‌కు మొబైల్ నెంబరు మార్చే సేవ 2021 నుంచి ఉంది. ఒక ఇబ్బంది ఏంటంటే వేలిముద్ర పడాలి. కూలి చేసే చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి, మిరప కోత చేసొచ్చిన వెంటనే అయితే ఇంకా కష్టం. చేతులు సబ్బుతో కడిగి, కొంచెం నూనె రాసి తుడిచి, పది వేళ్లూ ప్రయత్నించండి. అయినా పడకపోతే కంటిపాపతో చేసే కేంద్రానికే పోవాలి. ఫీజు రసీదులో ఉన్నంతే ఇవ్వండి.

నెంబరు సరిపోయాక ఆభా వెబ్‌సైటులోగానీ యాప్‌లోగానీ ఆధార్‌తో అని ఎంచుకోండి. ఆధార్ నెంబరు కొట్టి, అంగీకారం టిక్కు పెట్టి, ఓటీపీ కొట్టాలి. ఓటీపీ మామూలు మెసేజిగా వస్తుంది కాబట్టి బటన్ ఫోన్ ఉన్నా చాలు, కాకపోతే ఆ ఫోన్ పక్కనే ఉండాలి. తర్వాత సమాచారం కోసం ఒక మొబైల్ నెంబరు అడుగుతుంది. ఆధార్‌లో ఉన్న నెంబరే ఇస్తే అక్కడితో అయిపోతుంది, వేరేది ఇస్తే దానికీ ఒక ఓటీపీ వస్తుంది. గుర్తుండే ఆభా చిరునామా ఒకటి పెట్టుకోమంటుంది, దాని చివర ఎట్ ఏబీడీఎం అని ఉంటుంది. కార్డు డౌన్‌లోడ్ చేసి, నలుపు తెలుపులో ప్రింటు తీసి లామినేషన్ చేయించండి. స్మార్ట్ ఫోన్ లేనివాళ్లకు ఆ ముక్కే ఆధారం.

ఆశా అక్క చేసిందన్నవాళ్లకు కొత్తగా చేయబోతే భయం లేదు. ఒక ఆధార్‌కు ఒకే ఆభా నెంబరు, మళ్లీ ప్రయత్నిస్తే ఉన్నదే చూపిస్తుంది. అయితే లాగినయ్యాక ఏ మొబైల్ నెంబరు ఉందో తప్పకుండా చూడండి. సర్వేల హడావుడిలో ఫోన్ లేనివాళ్లకు సిబ్బంది నెంబరు ఇచ్చేసిన కార్డులు ఉంటాయి. ఓటీపీలన్నీ వాళ్లకు పోతాయి, వాళ్లు బదిలీ అయితే ఇక అంతే. ఆధార్ ఓటీపీతో లాగినై ప్రొఫైల్‌లో మొబైల్ మార్చుకోవచ్చు.

ఒక ఫోన్‌లో కుటుంబమంతా ఉండొచ్చు. ఒకే మొబైల్ నెంబరు ఇచ్చిన ఆభా చిరునామాలన్నీ లాగిన్ చేసేటప్పుడు వరసగా చూపిస్తుంది, ఎవరిది కావాలో వాళ్లది తెరవొచ్చు. కుటుంబానికి అయితే ఇది చాలా సౌకర్యం. పేటంతా నీ నెంబరు మీద పెట్టాలనుకుంటే మాత్రం వద్దు తమ్ముడూ.

సిమ్ గురించి ఒక మాట. సుగ్గి నుంచి వచ్చాక రీచార్జి చేయకుండా మూలన పడేసే సిములు ఉంటాయి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నెంబరును ఆపేయొచ్చు, కొంతకాలానికి అదే నెంబరు వేరేవాళ్లకు పోతుంది. అప్పుడు ఆధార్ ఓటీపీ, ఆభా ఓటీపీ రెండూ ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ఫోన్‌కు పోతాయి. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే నెంబరు ఒక్కటి ఎంచుకుని అదే అన్నిచోట్లా ఇవ్వండి.

పత్తికొండ_మాస్టారు:

పైన చెప్పినవన్నీ సరే. నా అభ్యంతరం వేరే. ఒకే కుర్రాడి ఫోన్‌లో పేటంతటి జబ్బులు ఉండటం మంచిది కాదు, ఆ కుర్రాడు ఎంత మంచివాడైనా సరే. సుగ్గికి తీసుకుపోయేది మేస్త్రీ. ఫలానా ఆమెకు కిడ్నీ జబ్బుందని, ఫలానా ఆయనకు టీబీ మందులు నడుస్తున్నాయని మేస్త్రీ చెవిన పడితే వచ్చే ఏడాది వాళ్లను ముఠాలో కలుపుకోడు. అడ్వాన్సు ఆగిపోతుంది. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టి అందరూ తీసుకోండి అనే పద్ధతి అసలే వద్దు. ఎవరి కాగితం వాళ్ల ఇంటి ఫోన్‌లో ఉండాలి. లేదంటే వాళ్ల కొడుకు ఫోన్‌లోనో కూతురు ఫోన్‌లోనో ఉండాలి.

ఇంకోటి. ఆభా పేరు చెప్పి ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లు ఉంటారు. ఏ ఆసుపత్రీ ఫోన్‌లో ఓటీపీ అడగదు. యాప్ దించుకునేటప్పుడు తయారుచేసినవాళ్ల పేరు నేషనల్ హెల్త్ అథారిటీ అని ఉందో లేదో చూడండి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

కాగితం పనికిరాదనుకోవద్దు. సిగ్నల్ ఉండదు, ఛార్జింగ్ ఉండదు, పొలం గట్టు మీద పడిపోయిన మనిషి జేబులో దొరికేది కాగితమే.

ఓపీ_కౌంటర్_కర్నూలు:

మాస్టారి మాట నిజం. యాప్‌లో అనుమతి విషయం కూడా చెప్పాలి. గుంటూరు వైపు డాక్టరుకు మీ పాత రికార్డులు ఊరికే కనిపించవు. ఆయన ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ నుంచి అభ్యర్థన పంపితే మీ యాప్‌కు వస్తుంది. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రకం కాగితాలు, ఎప్పటివరకు చూడొచ్చు అన్నీ అందులో ఉంటాయి. తేదీలు తగ్గించవచ్చు, మందుల చీటీ ఒక్కటే ఇస్తానని మిగతావి తీసేయవచ్చు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. చాలామంది చదవకుండా ఒప్పుకుంటారు.

అక్కడ చిన్న ఆసుపత్రి అయితే ఈ అభ్యర్థనలేవీ ఉండవు. మీ ఫోన్ తెరిచి డాక్టరుకు చూపించడమే. అందుకే ఫొటోలు చదవగలిగేలా ఉండాలి. పెద్ద ఆసుపత్రుల్లో ఓపీ దగ్గర క్యూఆర్ కనిపిస్తే యాప్‌తో స్కాన్ చేసి వివరాలు పంపండి, టోకెన్ వస్తుంది. పేరు, వయసు, ఊరు కౌంటర్‌లో చెప్పక్కర్లేదు. టోకెన్ కొద్దిసేపే చెల్లుతుంది కాబట్టి ఇంటి దగ్గర నుంచి స్కాన్ చేసిన ఫొటోతో కాకుండా అక్కడికి చేరాకే చేయండి.

కోసిగి_డిగ్రీ:

చాలా ఉపయోగమన్నా. మాస్టారూ, మేస్త్రీ సంగతి నాకు తట్టలేదు, ఎవరింటి ఫోన్‌లో వాళ్లవే పెట్టిస్తాను. ఒక ఇంట్లో ట్రై చేస్తే ఆసుపత్రి రికార్డు లింకు కావడం లేదు, దొరకలేదు అని వస్తోంది. ఆధార్‌లో పేరు బోయ నరసింహులు, ఓపీ చీటీలో నరసింహ అని ఉంది. దానివల్లేనా?

ఓపీ_కౌంటర్_కర్నూలు:

చాలావరకు దానివల్లే. పాత రికార్డు వెతికేటప్పుడు పేరు, ఆడా మగా, పుట్టిన సంవత్సరం, ఫోన్ నెంబరు సరిపోలుస్తుంది. మన దగ్గర నాలుగూ తేడా ఉంటాయి. ఓపీలో వయసు అడిగితే యాభై అని గుండుగుత్తగా చెబుతారు, ఆధార్‌లో వేరే సంవత్సరం. ఫోన్ నెంబరు తోడొచ్చినవాడిది ఇస్తారు. పాతవాటి కోసం తల బాదుకోకండి, ఫొటో తీసి ఎక్కించేయండి. ఇకమీద ఓపీ రాయించేటప్పుడు నోటితో పేరు చెప్పకుండా ఆభా కార్డు ముక్క కౌంటర్‌లో పెట్టమనండి. కార్డులో ఉన్నట్టే పేరు, పుట్టిన సంవత్సరం ఎక్కుతాయి, తర్వాతి రికార్డులు వాటంతట అవి కలుస్తాయి. అప్పటికే అదే ఆసుపత్రిలో పాత ఓపీ నెంబరు ఉంటే కొత్తది రాయించొద్దు, దానికే ఆభా జోడించమని అడగండి.

తాడిపత్రి_ల్యాబ్:

రిపోర్టుల గురించి. ఈసీజీ కాగితం, కొన్ని ల్యాబుల్లో యంత్రం నుంచి వచ్చే చిన్న చీటీ, ఇవి వేడికి అచ్చయ్యే కాగితం. మన ఎండలకు, చెమట జేబులో కొన్నాళ్లకే తెల్లబడతాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టినా ఆగదు, కొన్ని కవర్లకు అంటుకుని ఇంకా త్వరగా పోతుంది. తీసిన రోజే ఫొటో, ఒక జిరాక్సు. మెసేజిలో వచ్చే రిపోర్టు లింకులు కొన్నాళ్లకు పనిచేయవు, వచ్చిన రోజే పీడీఎఫ్ దించుకోవాలి.

ఫొటో తీసేటప్పుడు పేరు, తేదీ, ల్యాబు పేరు, నార్మల్ ఎంత ఉండాలో చెప్పే వరస, నాలుగూ పడాలి. సగం ఫొటోల్లో అంకె ఉంటుంది, తేదీ ఉండదు. అలాంటిది ఏ డాక్టరూ నమ్మడు. నీడ పడకుండా పగటి వెలుగులో, పైనుంచి నిటారుగా తీయండి. ఫైలు పేరు మార్చుకుంటే వెతకడం సులువు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత పరీక్ష పేరు పెడితే వరసగా కూర్చుంటాయి.

హెచ్‌బీఏ1సీకి ఖాళీ కడుపు అక్కర్లేదు, సుమారు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది. కానీ రక్తహీనత ఉన్నవాళ్లలో అది దారి తప్పిస్తుంది. ఇనుము లోపం ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, రక్తం పోయినా ఎక్కించినా తక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత మామూలే కాబట్టి హిమోగ్లోబిన్ అంకె కూడా పక్కనే ఉండాలి. ఇంట్లో వేలికి పొడిచి చూసే మీటరుకూ ల్యాబుకూ 15 శాతం దాకా తేడా వస్తే అది మీటరు తప్పు కాదు. అంతకు మించి వస్తే ముందు చేతులు చూడండి. బెల్లమో పండో పట్టుకున్న చేత్తో చేస్తే ఎక్కువే వస్తుంది. తర్వాత స్ట్రిప్పుల డబ్బా. మూత తీసి పెట్టినా, రేకుల షెడ్డులో ఎండకు ఉంచినా స్ట్రిప్పులు పాడైపోతాయి. మీటరులో తేదీ, టైము సరిచేసి ఉంచండి. లేకపోతే దాని మెమరీలో ఉన్న రీడింగులు దేనికీ కొరగావు.

ఎంఎల్‌హెచ్‌పీ_ఎమ్మిగనూరు:

తమ్ముడూ, ఏ కాగితం పెట్టాలని అడిగావు కదా. అన్నీ పెట్టావంటే డాక్టరు ఏదీ చూడడు. ఆయన దగ్గర ఉండేది రెండు మూడు నిమిషాలు. మొదట కనబడాల్సింది ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ ఒక్కటి, తాజాది. ఆ తర్వాత చివరి రెండు హెచ్‌బీఏ1సీలు, కిడ్నీ పనితీరు చెప్పే గత రెండేళ్ల క్రియాటినిన్‌లు, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష, ఈసీజీ. ఆసుపత్రిలో చేరి ఉంటే డిశ్చార్జి సమ్మరీ. గుండెకు స్టెంట్ వేసి ఉంటే ఆ కార్డు తప్పనిసరి, దాని తేదీని బట్టే రక్తం పలచబడే మందు ఆపొచ్చా లేదా తేలుతుంది. పదేళ్ల నాటి జ్వరం చీటీలు, స్కానింగు ఫిల్ములు వదిలేయి.

క్రియాటినిన్ ఎందుకు రెండేళ్లవి కావాలంటే, ఒక్క అంకె చూస్తే ఏమీ తెలీదు. 1.3 ఉందనుకో, ఆర్నెల్ల క్రితం 0.8 ఉంటే అది పరుగెత్తుతోందని అర్థం, రెండేళ్లుగా 1.3 ఉంటే వేరే సంగతి. రికార్డు ఒకచోట ఉండటం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే అని నా అభిప్రాయం. మన వైపు కూలోళ్లు సాయంత్రానికి ఒళ్లునొప్పుల బిళ్ల మింగుతారు, పగలంతా ఎండలో నీళ్లు తక్కువ తాగుతారు, దానికి తోడు బీపీకి టెల్మిసార్టాన్ నడుస్తుంటుంది. ఈ మూడూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. చీటీ మీద ఎర్ర ఇంకుతో నొప్పుల ఇంజెక్షన్, డైక్లోఫెనాక్ వద్దు, డాక్టరును అడగాలి అని రాయండి.

ప్రయాణానికి ముందు విలేజ్ హెల్త్ క్లినిక్‌కు గానీ 104 బండి వచ్చే రోజుకు గానీ మనిషే రావాలి. మందులు ఎవరో వచ్చి తీసుకుపోతే బీపీ చూసేదెవరు? డిసెంబరులోనే చెబితే ఎక్కువ రోజులకు మందులు సర్దడానికి క్లినిక్‌లో మాకూ వీలుంటుంది, బయల్దేరే రోజు పొద్దున వచ్చి అడిగితే ఉన్న స్టాకే ఇస్తాం. అక్కడ అయిపోతే దగ్గర్లోని ఏ పీహెచ్‌సీకైనా పోవచ్చు, ఊరు వేరని వెనక్కి పంపకూడదు. చీటీ ఉంటే అవే మందులు దొరుకుతాయి, చీటీ లేకపోతే మళ్లీ మొదటినుంచి. అక్కడి విలేజ్ క్లినిక్‌లో ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో వీడియోలో మాట్లాడించమని అడగొచ్చు, ఆ చీటీ ప్రింటు తీసుకోండి.

బీపీ అంకె రాసేటప్పుడు ఎలా చూశారన్నది ముఖ్యం. నడిచొచ్చిన వెంటనే, బీడీ తాగిన వెంటనే చూస్తే ఎక్కువే వస్తుంది. బీడీ, కాఫీ, టీ తర్వాత అరగంట ఆగాలి. మూత్రం పోసుకుని, వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. చీర జాకెట్టు చెయ్యి మీదుగా పట్టీ కట్టకూడదు. 180కి పైన వచ్చి, ఛాతీనొప్పో ఆయాసమో, మూతి వంకరో, చెయ్యి కాలు పడిపోవడమో ఉంటే యాప్ సంగతి మరిచిపోయి 108కి చేయండి.

మేం ట్యాబ్‌లో ఎక్కించే స్క్రీనింగు వివరాలు ఆభా జోడించి ఉంటేనే మీ వైపుకు వస్తాయి. ముప్పై దాటినవాళ్లందరికీ ఈ పరీక్షలు చేస్తాం కాబట్టి ఆ రోజే కార్డు తెచ్చుకోమనండి. షుగర్ ఉన్నవాళ్లకు కంటి పరీక్ష, కాళ్ల పరీక్ష ఏడాదికోసారి. కాళ్ల పరీక్ష చాలామంది వదిలేస్తారు. చెప్పుల్లేకుండా చేలో తిరిగే షుగర్ మనిషికి దెబ్బ తగిలినా తెలీదు, పుండై వాసనొచ్చాక వస్తారు.

మందులషాపు_ఆదోని:

అక్క చెప్పిన మందుల చీటీ దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఫొటోలో బ్రాండు పేరు ఉంటే సరిపోదు, మందు పేరు, ఎంజీ రాసి ఉండాలి. క్లినిక్‌లో షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 500, గ్లిమిపిరైడ్ 1 ఎంజీ విడివిడిగా ఇస్తారు. మధ్యలో ప్రైవేటు డాక్టరుకు చూపిస్తే అవే రెండూ కలిసిన ఒక బిళ్ల రాస్తాడు, పేరు చివర ఎం1 అని ఉంటుంది. పేషెంటుకు అది కొత్త మందు. పాతవీ కొత్తదీ కలిపి మింగితే మెట్‌ఫార్మిన్ 1000, గ్లిమిపిరైడ్ 2 అవుతుంది. మిరప కోతలో మధ్యాహ్నం అన్నం ఆలస్యమైందంటే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. దెయ్యం పట్టిందనో ఎండదెబ్బనో అనుకుంటారు.

బీపీ మందుల్లోనూ ఇదే. టెల్మిసార్టాన్ బ్రాండు పేరు చివర ఏఎం ఉంటే అందులో ఆమ్లోడిపిన్ కలిసి ఉన్నట్టు, హెచ్ ఉంటే మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసినట్టు. పక్కన ఊళ్లో ఇచ్చిన ఆమ్లోడిపిన్ 5 కూడా వేసుకుంటే రెండింతలై పాదాలు వాస్తాయి. వాపుకు ఇంకో మందు రాస్తారు. అలా పెరుగుతూ పోతుంది. హెచ్ ఉన్న బిళ్ల వాడేవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదేరోజు డాక్టరును అడగాలి, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ కొనసాగించాలా ఆపాలా అని. 104కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

కాబట్టి చీటీతో పాటు బిళ్లల అట్టల వెనకవైపు ఫొటో తీయండి. మందు పేరు, ఎంజీ, గడువు తేదీ ఉన్న వైపు. అట్టను కత్తిరించి అమ్మినప్పుడు ఆ అక్షరాలు పోతాయి, అందుకని పేరున్న ముక్కను చివరి దాకా ఉంచుకుని ఆ తర్వాతే పారేయమని చెప్పండి. ఎప్పుడు మింగాలో సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి అట్ట మీద మార్కర్‌తో రాస్తే చదువు రానివాళ్లకు పనికొస్తుంది. జనౌషధి షాపులో కొంటే బ్రాండు మారుతుంది, మందు మారదు. అక్కడ కూడా మందు పేరే చూపించాలి.

షుగర్ పడిపోతే ఏం చేయాలో కార్డు వెనక రాయండి. చెమటలు, వణుకు, గుండెదడ, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్లీ అంతే. తగ్గాక అన్నమో రొట్టో తినాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి చేయాలి.

కోసిగి_డిగ్రీ:

ఈ బిళ్లల అట్ట సంగతి నేను అనుకోనే లేదన్నా. చివరిగా ఒకటి. మా పేటలో ఇన్సులిన్ వాడే ముసలామె ఉంది, కొడుకు కోడలితో పాటు పోతుంది, పిల్లల్ని చూసుకోవడానికి. అక్కడ షెడ్డులో ఫ్రిజ్ ఉండదు. ఆమె రికార్డులో ప్రత్యేకంగా ఏమైనా పెట్టాలా?

మందులషాపు_ఆదోని:

పెట్టాలి. ఇన్సులిన్ పేరు, ఎన్ని యూనిట్లు పొద్దున, ఎన్ని రాత్రి, తినడానికి ఎంతసేపు ముందు. వీటన్నిటికంటే ముందు సీసా మీద 40 ఉందా 100 ఉందా రాయండి. మన షాపుల్లో దొరికే సీసాలు ఎక్కువ ఎంఎల్‌కు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో వచ్చేవి 100 యూనిట్లవి, 100 సిరంజికి నారింజ మూత. కొత్త ఊళ్లో సిరంజి అయిపోయి ఏదో ఒకటి ఇవ్వమంటే ప్రమాదం. 40 సీసా మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే, షుగర్ 400 అయినా ఎందుకో అర్థం కాదు. తిరగేసి 100 మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతుంది, మనిషి బతకడం కష్టం.

ఫ్రిజ్ లేకపోతే తెరవని సీసాలు ఎక్కువ తీసుకెళ్లొద్దు, నెలకు సరిపడా ఒకటి రెండు చాలు. తెరిచిన సీసా చాలా రకాల్లో 28 రోజుల దాకానే వాడాలి, తెరిచిన తేదీ దాని మీదే రాయాలి. మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచి, తడిగుడ్డ కప్పి నీడలో పెట్టండి. నీళ్లు సీసాకు తగలకూడదు. ఐసు ముక్కల మధ్య మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనిచేయదు. నీళ్లలా తేటగా ఉండాల్సింది మబ్బుగా మారినా, పాలలా ఉండే రకం కలిపాక కూడా ముద్దలు ముద్దలుగా కనిపించినా పారేయాలి.

సీసా లేబులు, సిరంజి మూత, రెండూ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీసి ఆమె కొడుకు ఫోన్‌లో పెట్టు తమ్ముడూ. అక్కడి షాపులో అదే చూపిస్తే చాలు.